ట లేని మాట

తన కళ్ళతో చూడని ఏ సంగతికైనా చివర 'అట' తగిలించకుండా నోరు విప్పని మనిషిని నా జన్మకి ఒక్కణ్ణే చూశాను. పుట్టిన ఊరు అడిగినా అంతే.

"మాస్టారూ, మీదే ఊరు?"

"ఈ ఊరేనట."

"అదేమిటండీ, సొంత ఊరికి కూడా అటేనా?"

"పుట్టినప్పుడు నేను అక్కడే ఉన్నాను, కాదనను. కానీ అది ఏ ఊరో కనుక్కునే తెలివి అప్పటికి రాలేదు కదా!"

ఊరంతా ఆయన్ని అటగారు అనేది. ఆ సంగతి ఆయనకు తెలుసో లేదోనని, ఉండబట్టలేక ఒకసారి అడిగేశాను. "అంటారట. నా ఎదుట ఎవరూ అనలేదు," అన్నారు, కాగితం మీంచి తల ఎత్తకుండా.

ఆయన ఒక వారపత్రికలో ప్రూఫులు దిద్దేవారు. మేడ మీద పత్రికాఫీసు, కింద ప్రెస్సు. సీసం అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చి అచ్చేసే రోజులవి. మెట్ల పక్కన కిటికీ దగ్గర ఆయన బల్ల. దాని ఒక కాలు పొట్టి. పాత పత్రికలు మడిచి దాని కింద పెట్టేవారు. ముక్కు చివరికి జారిన కళ్ళజోడు, చొక్కా జేబు మీద ఎర్ర సిరా మరక, చేతిలో ఎర్ర సిరా కలం. ఆ కలం పక్కన పెట్టి ఆయన మాట్లాడగా నేను చూడలేదు.

ఇంట్లో ఇల్లాలి పాట్లు వేరే చెప్పాలా! ఒకసారి ఆవిణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. "ఏమ్మా, ఏమిటి బాధ?" అని డాక్టరు అడిగాడు. ఆవిడ నోరు తెరిచేలోగా ఈయనే, "తలనొప్పిగా ఉందట," అన్నారు.

"అటేమిటి అట! నా తల మీద కూడా మీకు నమ్మకం లేదా?"

"తల కనిపిస్తోంది. నొప్పే కనిపించడం లేదు."

ఈ సంగతి ఆవిడే నాకు చెప్పి వాపోయారు. "ముప్పయ్యేళ్ళ కాపురం అమ్మా. ఒక్కసారైనా అట లేకుండా 'మా ఆవిడకి ఆకలేస్తోంది' అన్నారేమో అడుగు!" అన్నారు. అంటూనే ఆయన కంచంలో ఇంకో గరిటె వడ్డించారు.

ఈ జబ్బు ఆయన నోటితోనే ఆగితే ఎవరికీ ఇబ్బంది ఉండకపోను. చేతిలో ఎర్ర సిరా కలం ఉందే! 'మంత్రిగారు ప్రజల కష్టాలు విని కంటతడి పెట్టారు' అని విలేఖరి రాస్తే 'పెట్టారట' అయ్యేది. 'ప్రతిపక్ష నాయకుడు ప్రజల కోసం నిద్రాహారాలు మానేశారు' అంటే 'మానేశారట'. పక్షపాతం అన్న మాటే లేదు. రెండు పార్టీలవాళ్ళూ ఆయన్ని సమానంగా తిట్టుకునేవారు. ఎడిటరుగారైతే మరీను.

"మాస్టారూ, కొత్త రోడ్డు వేశామని సాక్షాత్తూ మునిసిపల్ చైర్మన్‌గారి ఆఫీసు నుంచే కాగితం వచ్చింది. దానికీ అట పెట్టారేమిటండీ?"

"కాగితం చూశాను. రోడ్డు చూడలేదు."

"అయితే వెళ్ళి చూసి రండి!" అని ఆయన విసుక్కున్నారు. విసుక్కుంటే విసుగు అని తెలుసుకునే మనిషైతేనా! అటగారు గొడుగు తీసుకుని నిజంగానే బయల్దేరారు. సాయంత్రానికి మోకాళ్ళ దాకా బురదతో తిరిగొచ్చారు.

"వేశారు," అన్నారు.

ఎడిటరుగారు హమ్మయ్య అనుకున్నారు.

"సగం," అన్నారు.

ఆ వారం 'రోడ్డు సగం వేశారు' అని పడింది. ఆ అట ఏదో ఉంచేసినా సరిపోయేదని ఎడిటరుగారు వారం రోజులు తల పట్టుకున్నారు.

కింద అక్షరాలు పేర్చే కంపోజిటరుది ఇంకో గోల. అక్షరాల పెట్టెలో ఒక్కో అక్షరానికి ఒక్కో గడి. అటగారి పుణ్యమా అని ట గడి ఎప్పుడూ ఖాళీయే. ఒక వారం 'టమాట ధర పెరిగింది' అనే చిన్న వార్త దగ్గరికి వచ్చేసరికి గడిలో ఒకే ఒక్క ట మిగిలింది. ఉన్నదాన్ని చివర పెట్టి, ముందుది వదిలేశాడు. 'మాట ధర పెరిగింది' అని పడింది. ఇక చూడండి! ఈ రోజుల్లో నోరు విప్పడానికి ఎంత ధైర్యం కావాలో మూడు ముక్కల్లో చెప్పిన ఎడిటరుగారికి జోహార్లంటూ పదకొండు ఉత్తరాలు వచ్చాయి. ఖబడ్దార్ అంటూ రెండు వచ్చాయి. ఎడిటరుగారు పదకొండూ గోడకి అంటించుకుని, రెండూ చించేసి, నెల రోజులు ఛాతీ విరుచుకుని తిరిగారు. టమాటల సంగతి ఆయనతో చెప్పడానికి మాకెవరికీ మనసొప్పలేదు.

ఇలా నవ్వుకుంటూ ఉండగానే మా ఊరి దర్జీ చనిపోయాడని కబురొచ్చింది. చావుకబురు కదా, కనీసం దానికైనా ఊరుకుంటారనుకున్నాం. 'మరణించారట' అని దిద్దేశారు.

"ఆ ఇంటివాళ్ళు ఏమనుకుంటారండీ!" అని ఎడిటరుగారు నెత్తి కొట్టుకున్నారు.

"శవాన్ని నేను చూడలేదు," అన్నారు అటగారు.

పత్రిక వచ్చిన రోజు మధ్యాహ్నం దర్జీ మెడలో టేపుతో టకటకా మెట్లెక్కి వచ్చాడు. ఎడిటరుగారు కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూలబడ్డారు. "ఎవరో గిట్టనివాళ్ళు చేసిన పనండీ," అని దర్జీ అటగారి రెండు చేతులూ పట్టుకున్నాడు. "అట ఉంది కాబట్టి బతికిపోయాను."

అప్పట్నుంచి ఊళ్ళో ఏ కబురు పుట్టినా, "అటగారు ట పెట్టారా?" అని అడగడం మొదలైంది. పెట్టలేదంటే, "అయితే నిజమే." రెండు పార్టీలవాళ్ళూ కలిసి ఒప్పుకునే విషయం మా ఊళ్ళో అదొక్కటే.

ఇక నా సంగతి. నేను మునిసిపల్ ఆఫీసులో గుమాస్తాని. వారమంతా చైర్మన్‌గారి ఉత్తర్వులు రాసేదాన్ని. సెలవు రోజున 'పక్కింటావిడ' అనే పేరుతో వాటి మీదే వేళాకోళం రాసి పత్రికకి ఇచ్చేదాన్ని. ఎందుకమ్మా నీకీ దురద అంటే, ఏం చెప్పను? రాజకీయాలు మార్చేస్తానన్న భ్రమ నాకెప్పుడూ లేదు. ఆరు రోజులు 'చిత్తం' అని రాసిన చేతికి, ఏడో రోజు ఒక గంటసేపైనా 'ఏం కాదు' అని రాసే వీలు కావాలి. ఆ గంట లేని వారం ఇంటికెళ్ళి పిల్లల మీద అరిచేదాన్ని. కానీ నవ్వినందుకు ఉద్యోగాలు పోయే రోజులవి. మా ఇంట్లో సంపాదించేదాన్ని నేనొక్కదాన్నే. పక్కింటావిడ ఎవరో ఎడిటరుగారికీ అటగారికీ తప్ప మూడో మనిషికి తెలియదు.

నా రాతల్లో కూడా ఆయన ట పెడుతుంటే నాకు ఒళ్ళు మండిపోయేది.

"వేళాకోళంలో అటేమిటి మాస్టారూ! చప్పబడిపోదూ? రాసేవాళ్ళకి ఆ మాత్రం స్వేచ్ఛ ఉండొద్దా?"

"స్వేచ్ఛ వద్దన్నానా అమ్మాయ్? చూశావా అని అడిగానంతే."

"ఫైలు చూశాను."

"నీ కళ్ళతో?"

"నా కళ్ళతోనే!"

"అయితే తీసేస్తున్నా." నిజంగానే తీసేసేవారు. కానీ అన్నిసార్లూ నా దగ్గర ఫైలు ఉండేది కాదు. కోపంతో ఊగిపోతూ రాసిన వాక్యాల్లో సగానికి ఆధారం నా కోపమే. అది తెలిసొచ్చినప్పుడల్లా ఆయన మీద ఇంకా కోపం వచ్చేది.

ఒకరోజు నేను మెట్లు ఎక్కుతుండగా లోపల ఎడిటరుగారి గొంతు వినిపించింది. "ఈ వాక్యం వద్దండీ, మన కొంప ముంచుతుంది, కొట్టేద్దాం." అటగారు బతిమాలుతున్నారు: "కొట్టేయకండి బాబూ. పాపం, కష్టపడి రాసింది. ఒక ట పెడదాం, బతికిపోతుంది." నేను మెట్ల మీదే నిలబడిపోయాను. మూడేళ్ళుగా ఆయన నా నోరు నొక్కుతున్నారనుకున్నాను. నా మాటలు చెత్తబుట్టలో పడకుండా కాపాడుతున్నది ఆ ఒక్క అక్షరమేనని అప్పటిదాకా నా బుర్రకి తట్టలేదు. లోపలికి వెళ్ళి, మంచినీళ్ళు తాగి వచ్చేశాను.

ఆ తర్వాత కుళాయి గొడవ వచ్చింది. చైర్మన్‌గారు ఒకే కుళాయిని మూడుసార్లు ప్రారంభించారు. 'రిబ్బను మూడుసార్లు తెగింది, నీళ్ళు ఒక్కసారీ రాలేదు' అని రాశాను. మూడు ఆహ్వానాలూ నేనే నా చేత్తో రాసి, మూడుసార్లూ అక్కడే ఉండి చూసినదాన్ని కాబట్టి అటగారు ట పెట్టలేదు. ట లేకపోవడంతో ఊరంతా నమ్మింది. చిన్నపిల్లలు కూడా ఆ కుళాయి దగ్గర పుల్లలతో రిబ్బన్లు కట్టి ఆడుకోవడం మొదలుపెట్టారు. చైర్మన్‌గారు మండిపడ్డారు. ఆఫీసులోవాళ్ళే ఎవరో రాస్తున్నారు, పట్టుకుని ఇంటికి పంపండి అని ఒక అధికారిని నియమించారు.

ఆ అధికారి నేరుగా నా బల్ల దగ్గరికే వచ్చాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"పత్రికాఫీసుకి వెళ్ళి వాంగ్మూలం తీసుకోవాలమ్మా. నీ దస్తూరీ ముత్యాల కోవ. రాసుకోవడానికి నువ్వు రా."

ఆయన అన్నది మెచ్చుకోలే గానీ, నా కొంప ముంచబోయేదీ ఆ దస్తూరీయే. ఆఫీసు నోటీసులన్నీ నా రాతే. నీళ్ళు వదిలే వేళల బోర్డు నా రాతే. నా చేతి అక్షరం ఊళ్ళో పసిపిల్లాడు కూడా గుర్తుపడతాడు. ఆ అక్షరాలతోనే మూడేళ్ళపాటు పక్కింటావిడగా రాసిచ్చిన కాగితాలు ఆ పత్రికాఫీసు బీరువాలో ఉన్నాయి. ఎంత తెలివితక్కువదాన్నో చూడండి, పేరు దాచుకున్నాను గానీ చెయ్యి దాచుకోవాలని తోచలేదు.

అధికారి కుర్చీలో కూర్చుని, "పక్కింటావిడ రాతప్రతులు చూపించండి," అన్నాడు. ఎడిటరుగారి మొహం తెల్లబోయింది. నా వంక చూడకుండా ఉండాలని ప్రయత్నిస్తూ నన్నే చూస్తున్నారు. అటగారు మాత్రం నింపాదిగా లేచి, బీరువా తీసి, దారంతో కట్టిన కట్ట తెచ్చి బల్ల మీద పెట్టారు. నేను కాగితం ముందు పెట్టుకుని కలం పట్టుకున్నాను. నా ఉద్యోగం పోయిందని నా చేత్తోనే రాసుకోవాలి కాబోలనుకున్నాను.

అధికారి ముడి విప్పాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

"ఇదేం రాతండీ బాబూ! చీమలు సిరాలో పడి లేచినట్టుంది!"

కళ్ళు తెరిచి చూశాను. నా మాటలే, నా జోకులే. కానీ అక్షరాలు నావి కావు. పక్కకి వాలిపోయి, ఒకదాని మీద ఒకటి పడిపోతున్న ఆ అక్షరాలు నాకు బాగా తెలుసు. మూడేళ్ళుగా ఎర్ర సిరాలో చూస్తున్నవే.

"ఇది ఎవరి దస్తూరీ?"

"నాదే," అన్నారు అటగారు.

"ఇవన్నీ మీరే రాశారా?"

"నేనే రాశాను. మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా, నా చేత్తో, నా కళ్ళముందే రాశాను."

అధికారి మా ఊరివాడే. ఆయన ఎడిటరుగారి వైపు వంగి, "ట అనలేదండీ ఈయన!" అన్నాడు మెల్లగా. ఎడిటరుగారికి దగ్గు తెర వచ్చి గ్లాసు కోసం తడుముకున్నారు.

"మరి మగవారై ఉండి పక్కింటావిడ అని ఆడపేరు పెట్టుకున్నారేం మాస్టారూ?"

"ఆ పేరు నేను పెట్టలేదు. అమ్మాయ్, కలం ఆపావేం? రాసుకో. నేనే రాశానన్నాను కదా, స్పష్టంగా రాసుకో."

నా ముత్యాల కోవతో రాసుకున్నాను. అధికారి సంతకం చేయించుకుని, "ఇది మా ఉద్యోగుల పని కాదు. ఇక నేను చెయ్యగలిగిందేమీ లేదు," అని లేచాడు. మనిషి ఒకింత తేలికపడ్డట్టే కనిపించాడు. ఆయన మెట్లు దిగుతుంటే, కలం మర్చిపోయానని చెప్పి నేను వెనక్కి పరుగెత్తుకొచ్చాను.

"మాస్టారూ, నా కాగితాలు ఏమయ్యాయి?"

"ఎప్పటికప్పుడు మా ఇంట్లో పొయ్యిలోకి."

"వారం వారం అంతా కూర్చుని మళ్ళీ రాశారా? మూడేళ్ళు? నాకొక్క మాట చెప్పకుండా? రేపు చైర్మన్‌గారి మనుషులు మీ మీద పడితే?"

"పడనీ. వాళ్ళు తీసేయడానికి నా దగ్గర వాళ్ళ ఉద్యోగం లేదుగా."

"అయినా ఎందుకండీ ఇంత శ్రమ!" నాకు ఏడుపొచ్చేట్టుంది.

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు. కిటికీలోంచి బయటికి చూశారు. "నీ దస్తూరీ బాగోదమ్మాయ్," అన్నారు. "బొత్తిగా గజిబిజి. కంపోజిటరుకి అర్థం కాదు."

అట లేదు, ట లేదు. ఆయన నోటంట నేను విన్న ఒకే ఒక్క పచ్చి అబద్ధం అది. అదే సమయానికి ప్రూఫులు పట్టుకుని పైకొచ్చిన కంపోజిటరు నోరు తెరిచి, ఆయన మొహం చూసి, మళ్ళీ మూసుకున్నాడు. పాపం, మూడేళ్ళుగా ఆ చీమలు చదవలేక కళ్ళు పోగొట్టుకుంటున్నది అతనే.

ఇంటికెళ్ళి చాలాసేపు ఆలోచించాను. ఆ మనిషి నోట అబద్ధం అలా మిగిలిపోవడం నాకు నచ్చలేదు. ఆ వారం నుంచి పక్కింటావిడ ఎడమచేత్తో రాయడం మొదలుపెట్టింది. మొదటి కాగితం అటగారి చేతికిస్తే, తిప్పి తిప్పి చూసి, "చెప్పానా, గజిబిజని!" అన్నారు. ఆ మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. మళ్ళీ రాసే పని లేకుండా దాన్ని తిన్నగా కిందికి పంపించేశారు.

కంపోజిటరు మాత్రం నన్ను నానా తిట్లూ తిట్టేవాడట. నా చెవులతో నేను వినలేదు.