క్లచ్ మీది కాలు

ఆ చప్పుడు ముందుగా విన్నది నేను కాదు, నా పక్క సీట్లో కూర్చునే ఆమె. మాది కొల్లూరులో సర్కారు కట్టించిన డబుల్ బెడ్‌రూం ఇళ్ల కాలనీ. పొద్దున్నే అక్కడి నుంచి ఆరుగురు ఆడవాళ్లను ఎక్కించుకుని, సుల్తాన్‌పూర్‌లో దవాఖాన సూదులూ గొట్టాలూ చేసే కంపెనీ గేటు దగ్గర దించుతాను. సాయంత్రం మళ్లీ తీసుకొస్తాను. నాకు తిండి పెట్టేది ఆ ఏడు సీట్ల బండే. అది మా ఆయన బండి. ఆయన పోయి రెండేళ్లు దాటింది.

“ఏందక్కా గా సప్పుడు? బానెట్ల పిల్లిని దాసినవా?” అంది ఆమె.

“పిల్లి గాదే, బండికి నడుం నొప్పి లేసింది. మన లెక్కనే పొద్దంత నిలవడ్తె లేవదా?” అని వెనక సీటు నుంచి ఇంకొకామె అందుకుంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ రోజు నుంచి నా చెవుల్లో ఇంకేమీ పడలేదు. ఏమీ వేయకుండా మిక్సీ తిప్పితే ఎట్లా అరుస్తుందో అట్లా, సన్నగా, కిర్రుమని. గేరు మార్చినా అదే, సిగ్నల్ దగ్గర ఆగినా అదే. రోడ్డు మధ్యలో ఒక్కసారి ఆగిపోయి వీళ్లు షిఫ్టుకు ఆలస్యమైతే, కంపెనీ వాళ్లు మర్నాడే ఇంకో బండి పెట్టుకుంటారు. నన్నడిగే పని కూడా లేదు. సంతకం వరకే చదువు వచ్చిన మనిషిని, ఈ వయసులో ఇంకో పని ఎవరిస్తారు?

డ్రైవింగ్ నేను సరదాకు నేర్చుకోలేదు. మా ఆయనకు కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్‌కు సంగారెడ్డి వెళ్లాలి. పోయేటప్పుడు ఆయనే నడిపేవాడు, వచ్చేటప్పుడు కళ్లు తిరిగేవి. ఆటో కుదుపులకు వాంతులయ్యేవి. అందుకని కాలనీ వెనక ఖాళీ జాగాలో నాలుగు సాయంత్రాలు నాకు నేర్పాడు. క్లచ్ వదలడం నా వల్ల కాలేదు. కాలు తీయగానే బండి ఎగిరిపడి ఆగిపోయేది. నాలుగో సాయంత్రం ఆయనకు ఓపిక అయిపోయింది. పట్టీ కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని అన్నాడు:

“గిట్ల గాదు. నువ్వు కాలు తియ్యనే తియ్యకు. జెర పెడల్ మీద పెట్టే ఉంచు, బండి ఆగది. పటాన్‌చెరు సిగ్నల్ కాడ నువ్వు ఆపినవనుకో, ఎన్కున్న లారీ మన మీదికెల్లి పోతది.”

తీయలేదు. ఆ రోజు నుంచి ఒక్కసారి కూడా బండి ఆగనివ్వలేదు. ఆయన్ను దవాఖానకు తీసుకెళ్లాను, ఇంటికి తెచ్చాను, చివరిసారి తెల్లగుడ్డ కప్పి కూడా నేనే తెచ్చాను. తర్వాత లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకె మీద తిప్పమంటే, కాలు పెడల్ మీదే ఉంచి నత్తలాగా తిప్పాను. పాసయ్యాను. ఆ వేళ మనసులో ఆయనకు దండం పెట్టుకున్నాను.

చప్పుడు వచ్చిన వారానికి పటాన్‌చెరులో ఒక మెకానిక్ దగ్గరికి పోయాను. నన్ను సీట్లోనే కూర్చోబెట్టి, ఇంజన్ ఆన్‌లో ఉంచమని, బానెట్ లేపి తల లోపల పెట్టాడు.

“క్లచ్ తొక్కితె వస్తదా, తీస్తె వస్తదా?”

“ఎప్పటికి వస్తనే ఉంటది.”

“కాలు తీసినా వస్తదా? సక్కగ జెప్పమ్మా.”

“వస్తది బిడ్డా. ఎందుకు అబద్ధం జెప్త?”

“అయితె గేర్‌బాక్స్ పోయింది. అమ్మేసుడే నయం. ఈ బండి మీద అంత పెడ్తవా?”

ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చాను. లిఫ్టు పని చేయడం లేదు. నాలుగు అంతస్తులూ ఎక్కి, తలుపు తీసి, దీపం కూడా వేయకుండా నేల మీద పడుకున్నాను. ఆయన పోయినప్పుడు పదిమంది చుట్టూ ఉన్నారు, నన్ను ఏడ్వనిచ్చారు. బండి పోతుంటే ఏడవడానికి కూడా సిగ్గేసింది. ఇనుము కోసం ఎవరు ఏడుస్తారు? కానీ ఆ ఇనుము లేకపోతే పొద్దున లేచి నేనెక్కడికి పోవాలి? సోమవారం వచ్చి చూస్తానని బ్రోకర్ ఫోన్‌లో చెప్పాడు. రమ్మన్నాను.

పక్క సీటామెకు ఈ సంగతి చెప్పాను, ఇంకో బండి చూసుకుంటారని. ఆమె ఊరుకోలేదు.

“ఆగక్కా. ఆయ్‌తారం మా మామూ కాడికి పోదాం. సంగారెడ్డిల ఉంటడు. ఆయన బండి సప్పుడే ఇంటడు గని మన్షి మాట ఇనడు. మా మామీ జిందగీ అంత గదే మొత్తుకుంటది.”

సంగారెడ్డి దారి నేను మా ఆయన పోయాక మళ్లీ తొక్కలేదు. దవాఖాన గేటు దాటేటప్పుడు తల అటు తిప్పలేదు. కిర్రుమనే చప్పుడు మాత్రం నాతోనే ఉంది.

మామూది రేకుల షెడ్డు. గడ్డం తెల్లబడింది, చూపు కిందికే. నన్నూ పక్కనున్న మేనకోడలినీ సీట్లలోనే ఉండమని, హ్యాండ్ బ్రేక్ లాగించి, గేరు న్యూట్రల్‌లో పెట్టించాడు. బండి కిందికి దూరి, పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను గేర్‌బాక్స్‌కు ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నాడు. దవాఖానలో డాక్టరు ఛాతీ విన్నట్టే ఉంది.

“క్లచ్ పూరా తొక్కు బెహెన్.”

తొక్కాను. చప్పుడు గట్టిపడింది.

“ఛోడో. కాలు తియ్.”

తీశాను.

“తియ్యలే.”

“తీసిన భయ్యా.”

ఆయన కింది నుంచి బయటికి వచ్చాడు. తలుపు దగ్గర వంగి చూశాడు. “గా చెప్పు ఎవరిది? నీదేనా, మా కోడలిదా? పెడల్ మీదికెల్లి తియ్‌మంటున్న.”

వంగి చూసుకున్నాను. నా కాలు పెడల్ మీదే ఉంది. అబద్ధం కాదు, ఒట్టు, తీశాననే అనుకున్నాను. ఆ కాలు అక్కడున్నట్టు నాకు తెలియలేదు. రెండు చేతులతో మోకాలు పట్టుకుని ఎత్తి, పక్కన నేల మీద పెట్టాను.

చప్పుడు ఆగిపోయింది.

“ఇగ ఊకె పెట్టు. తొక్కకు, ఊకె ఆనియ్.”

ఆనించాను. కిర్రుమంది. తీశాను, ఆగింది.

“గేర్‌బాక్స్ అయితే కాలు తీస్తె మొత్తుకుంటది, తొక్కితె సుప్ అయితది. ఇది ఉల్టా” అన్నాడు మామూ. “నువ్వు తొక్కినప్పుడు క్లచ్‌ను లోపలికి నూకే బేరింగ్ ఒకటుంటది. తొక్కినప్పుడే దానికి పని. నువ్వు దానికి ఒక్క దినం సుట్టి ఇయ్యలే. ఎవలు నేర్పిండ్రు నీకు?”

“మా ఆయన.”

“కొత్త డ్రైవరా?”

“ఇర్వై ఏండ్లు తోలిండు.”

“మరి గిట్లెట్ల నేర్పిండు?”

అప్పుడు జ్ఞాపకమొచ్చింది. ఆ సాయంత్రం కాలు తియ్యకు అన్న తర్వాత ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. “నాకు జెర బాగైనంక మెల్లగ మాన్పిస్త” అన్నాడు. తప్పని ఆయనకు తెలుసు. తొందరకు చెప్పాడు. ఆయనకు బాగు కాలేదు, నన్నెవరూ మాన్పించలేదు. సగం మాటనే పట్టుకుని, ఆయన మాట నిలబెడుతున్నాననుకుంటూ రెండేళ్లుగా ఆయన బండినే అరగదీశాను. మొదటి మెకానిక్‌ది కూడా తప్పు కాదు. కాలు తీసినా వస్తుందని చెప్పింది నేనే.

బ్రోకర్‌ను రావద్దన్నాను. చెవుల కమ్మలు తీసి కుదువబెట్టాను. ఇంకోసారి తీయడానికి ఒంటి మీద ఏమీ లేదు. మామూ రెండు రోజులు పని చేశాడు; ఆ రెండు రోజులూ నా డబ్బులతో ఆటో మాట్లాడి ఆడవాళ్లను పంపాను. పాత బేరింగ్ నా చేతిలో పెడితే గింజలున్న గిలక్కాయలాగా ఆడింది. అది ఒత్తే క్లచ్ పళ్లు, సానపట్టీ పట్టీ సన్నబడిన కత్తిలాగా అయిపోయాయి.

“బేరింగ్ కొత్తది ఏసిన, పైసలు సాలక పళ్లు పాతయే ఉంచిన. కాలు గట్లనే పెట్టినవో, ఇది గుడ జల్దిన పోతది. గేరు పడంగనే కాలు తీస్కపోయి పక్కకు పెట్టు. ఆదత్ చేస్కో” అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు పటాన్‌చెరు దాకా నాలుగుసార్లు వంగి చూసుకున్నాను. నాలుగుసార్లూ కాలు పెడల్ మీదే ఉంది. ఇదివరకు చప్పుడైనా ఉండేది. ఇప్పుడు బండి మౌనంగా పోతుంటే నా తప్పు నాకు చెప్పేవాళ్లే లేరు.

అందుకని పక్క సీటామెను బతిమాలుకున్నాను. ఆమె నా కాలు చూస్తూ కూర్చునేది. “అక్కా, కాలు.” తీసేదాన్ని. కూరగాయల బండి వచ్చేది, బ్రేకు వేసేదాన్ని. “అక్కా, కాలు.” కొన్నాళ్లకు వెనకవాళ్లు కూడా మొదలుపెట్టారు. కంపెనీ గేటు దగ్గర దిగేటప్పుడు పోయొస్తామనడం మానేసి “అక్కా, కాలు పైలం” అని నవ్వేవాళ్లు. నేను నవ్వలేకపోయేదాన్ని. ఎన్నిసార్లని చెబుతారు? వాళ్లూ అలసిపోయే మనుషులే. ఆమె చెప్పడం తగ్గించింది. తర్వాత కిటికీకి తల ఆనించి నిద్రపోవడం మొదలుపెట్టింది. తప్పు పట్టలేదు నేను.

నాలుగో నెలలో ఒక పొద్దున, రింగు రోడ్డు పక్క సర్వీసు రోడ్డు మీద పోతున్నాము. మంచు ఇంకా వీడలేదు. ఆరుగురూ నిద్రలోనే ఉన్నారు. ముందు అద్దం గీరుకుంటోందేమో అనుకున్నాను. కాదు. చీమ పాకినంత సన్నగా, కిర్రుమని.

వంగి చూశాను. చేత్తో మోకాలు ఎత్తి కాలు పక్కన పెట్టాను, ఆగిపోయింది. మళ్లీ ఆనించాను, వచ్చింది. మామూ చూపినట్టే మూడుసార్లు చూశాను. ఇప్పుడు ఏ మెకానిక్కూ నాకు చెప్పే పని లేదు. ఏం పోయిందో తెలుసు, ఎందుకు పోయిందో తెలుసు. ఇంకెన్నాళ్లు నడుస్తుందో కూడా అంచనా వేయగలను.

ఎవరినీ లేపలేదు. కాలు నేల మీదే పెట్టి, దాన్నే చూసుకుంటూ నడిపాను. అది అక్కడ పెడితే నాది కానట్టే ఉంటుంది. ముందు పోతున్న లారీ ఒక్కసారిగా ఎర్ర లైటు వేసింది. బ్రేకు తొక్కాను. బండి లారీ వెనక నిలిచింది, ఇంజన్ మాత్రం ఆగిపోలేదు, ఆడుతూనే ఉంది. ఎడమ కాలు ఎప్పుడు పోయిందో, పెడల్ మీద ఉంది.

లారీ కదిలింది. ఇక తీయలేదు. కంపెనీ గేటు దాకా ఆ చప్పుడు వింటూనే పోయాను.