రెండు కమాన్ల నడిమి కంబం

ఒక ఇంటిని నిలబెట్టడం కోసం ఒక మనిషి ఊరు విడవడం న్యాయమేనా? ఏళ్లుగా ఈ ప్రశ్న నాతోనే ఉంది. మొన్న మేం పిన్నిలా చూసుకునే పక్కింటి ఖాలా చనిపోయిందని బాపు ఫోన్ చేసినప్పుడు, ఏడుపు కంటే ముందు అదే వచ్చింది.

నల్లగొండ పాతబజారులో మా వరుసంతా ఒకప్పుడు ముందు వంపు తిరిగిన కమాన్లున్న ఇండ్లే. ఎనభైల చివరికి ఒక్కొక్కరే ముందుభాగం కూలగొట్టి షట్టర్లు పెట్టుకున్నారు. మిగిలినవి మా ఇల్లు, ఖాలా ఇల్లు. ఏటా రంజాన్‌కు ముందు ఆమె సున్నం నానబెట్టి తన కమానుకు వేసేది. అదే చేత్తో మా దానికీ వేసేది. అమ్మ మొహమాటపడితే, నడుమ గీత గీసుకొని వేస్తారా అని నవ్వేది. బాపు ఒకసారి పెచ్చులూడిన చోట సిమెంటు పూస్తే, ఆయన చూస్తుండగానే గీకేసింది. సున్నం గోడకు ఊపిరి ఆడాలని ఆమె పట్టుదల.

అన్నకు రేడియోలు బాగుచేసే పని వచ్చు. కమాను తీసి దుకాణం పెట్టుకుంటానన్నాడు. బాపు సరేనన్నాడు. మేస్త్రీ గడ్డపారతో వచ్చిన పొద్దున, ఖాలా బియ్యం చాట పట్టుకొని మా రెండిళ్ల నడిమి కంబానికి ఆనుకొని కూర్చుంది.

"జర లే ఖాలా. మాది మేం తీస్కుంటున్నం, నీకేమైతది?" అన్నాడు అన్న.

"రెండిటికి కంబం ఒక్కటే బేటా. ఒగదాని బరువు ఇంకోటి ఆపుతాంది. నీది తీస్తే నాది నా నెత్తి మీదనే పడ్తది."

మేస్త్రీ పైకి చూసి, అవునన్నట్టు గడ్డపార దించాడు.

"మరి నేనేం తిని బత్కాలె?" అన్నాడు అన్న.

బియ్యంలో రాళ్లు ఏరుతున్న ఆమె చెయ్యి ఆగింది. కంబం దగ్గర్నుంచి మాత్రం లేవలేదు. చివరికి బాపు మేస్త్రీని పొమ్మన్నాడు. అన్న ఆ వారమే మహబూబ్‌నగర్ పోయి కిరాయి కొట్టులో కూర్చున్నాడు. తర్వాత ఆమె పండక్కి పంపిన సేమ్యాల షీర్‌ఖుర్మా వాడు ముట్టలేదు. ఆమె పంపడం మానలేదు.

చరిత్ర చదువుకున్న నాకు ఆ కమాన్లంటే ప్రాణం. వాటి నీడలోనే ఖాలా నా తల దువ్వింది, పరీక్షలప్పుడు చాయ్ పెట్టి ఇచ్చింది. అన్న కొట్టులో ఈగలు తోలుకున్న రోజులూ నేను చూశాను. ఆమె చేసింది కాపాడడమా, అడ్డుపడడమా? నేనింకా తేల్చుకోలేదు.

ఆమెను మోసుకెళ్లే జనాజా లేచే వేళకు వాన పట్టుకుంది. తగ్గేదాకా ఆమెను కమాను కిందే ఉంచారు. బజారు జనమంతా ఆ రెండు కమాన్ల కిందికి చేరారు. మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన అన్న మాత్రం, చేతిరుమాలు నెత్తిన కట్టుకొని, రోడ్డు మీదే తడుస్తూ నిలబడ్డాడు.