తూము పక్కన గంగారాం బావ

నిన్న పొద్దున అక్క ఫోన్ చేసి "మీ బావ పోయిండురా" అంటే నేను నమ్మలేదు.

మొన్ననే బాన్సువాడ బస్టాండ్ దగ్గర కలిసి చాయ్ తాగాం. మనిషి ఫుల్ ఫిట్.

"ఎవరు చెప్పిండ్రు? డాక్టర్ సరిగ్గ చూసిండా?" అని అక్కనే ఎదురు అడిగాను. దవాఖానకు వెళ్లి ఆయన చెయ్యి పట్టుకునేదాకా నా డౌట్ నాదే.

నా సంగతి మీకు తెలుసు కదా. కిలో టమాటా కొన్నా తక్కెడ కింద వంగి చూస్తాను.

అలాంటి నాకు లైఫ్‌లో అన్నిటికన్నా పెద్ద డౌట్ మా గంగారాం బావ. మనిషి అన్నాక ఏదో ఒక ఫికర్ ఉంటుంది. ఈయనకు ఉండదు. ఎప్పుడు చూసినా అదే చల్లటి ముఖం. ఏదో దాస్తున్నాడని గట్టిగా అనుకునేవాణ్ణి.

మాదీ బావదీ వర్ని దిక్కు ఒకే ఊరు. తొంభైల్లో ఒక ఏడాది కాలువకు నీళ్లు తక్కువ వచ్చాయి. వంతుల ప్రకారం పారించుకుంటున్నాం. అయినా చివర ఉన్న మా మడులకు నీళ్లు అందట్లేదు. మధ్యలో ఎవరో మళ్లిస్తున్నారు.

బావేమో వంతు ఉన్నా లేకున్నా రోజూ సాయంత్రం తూము పక్కన ఒక్కడే కూర్చునేవాడు. కాసేపటికి లేచి ఇంటికి పోయేవాడు.

ఇంకేముంది, ఊరి పెద్దమనుషులు పిలిచి అడిగారు.

"వంతు లేనోనికి తూము కాడ ఏం పనిరా గంగారాం?"

"ఏం లేదు పటేల్. ఊకెనే కూసుంట."

ఊకెనే అంటే ఎవడు నమ్ముతాడు? నేనైతే అస్సలు నమ్మలేదు.

మళ్లీ అక్కడ కనిపిస్తే నీ వంతు బంద్ అన్నారు. వరి పొట్ట మీద ఉంది. ఒక్క తడి తప్పితే పంట పోయినట్టే. అక్క ఏడ్చింది. అక్కడికి పోకుండా ఉంటే అయిపోయేది కదా!

ఆయన వినలేదు. "కావాల్నంటే నా పక్కపొంటి ఎవర్నన్న కూసోవెట్టుండ్రి" అన్నాడు.

సొంత బావనైనా వదలడని నన్నే కాపలా పెట్టారు.

వారం కూర్చున్నాను. బావ తూము మీద చెయ్యి కూడా వేయలేదు. ఏం ఆలోచిస్తున్నవ్ బావా, ఏం చేస్తున్నవ్ బావా అని రోజూ అడుగుతూనే ఉన్నాను. ఆఖరికి చెప్పాడు.

"దినమంత ఎవరెవరి మీద కోపమొచ్చిందో యాది చేసుకుంట. ఆ కోపం దిగేదాంక కూసుంట. దిగినంక ఇంటికి పోత. ఇంట్లకెందుకు తీస్కపోవాలె బామ్మర్ది?"

అదీ నమ్మలేదు నేను. కానీ పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు, ఆయన వంతు ఆయనకు ఉండిపోయింది. పంట చేతికొచ్చింది. నీళ్లు మళ్లించింది ఎవరో... నాకు ఇద్దరి మీద అనుమానం ఉంది. వాళ్లూ ఈ పోస్ట్ చూస్తారు కాబట్టి ఆగుతున్నాను.

నిన్న అంతా అయిపోయాక అక్కను మెల్లగా అడిగాను. ఇన్నేళ్లలో బావ నీ మీద నిజంగానే ఎప్పుడూ అరవలేదా అని.

ఏడుస్తున్న మనిషి నవ్వింది.

"ఒక్క వారం అరిసిండురా. నువ్వు పక్కన కూసున్న వారం. నీ తమ్ముడు జర సేపన్న ఊకోడే, ఒక్కటే తీరుగ అడుగుతనే ఉంటడని దినాం నా మీద గయ్యిమన్నడు."

నేను వెంటనే నమ్మిన మాట ఇదొక్కటే. ఇగ ఏడుపు ఆగలేదు నాకు.

పోయిరా బావా. ఇప్పుడు నీ పక్కన కాపలా ఎవరూ లేరు.

నిమ్మళంగా కూర్చో.