బ్రాకెట్ల సారు

మెట్‌పల్లి మొత్తంలో నోటితో బ్రాకెట్లు పెట్టే మనిషి ఒక్కడే, రిటైరైన లెక్కల సారు రామచంద్రం. "రెండు చాయ్‌లు, బ్రాకెట్ మొదలు, ఒకటి చక్కెర లేకుంట, బ్రాకెట్ బంద్!" అని హోటల్లో కేకేసేవాడు. ఆయనకు పిచ్చి ముదిరిందని వాడకట్టంతా తేల్చేసింది. అందరికంటే ముందు తేల్చింది కమలవ్వ. బడి మొహం పెద్దగా చూడకపోయినా, మనుషులను తూచడంలో తనను మించినవాళ్ళు లేరని ఆమె నమ్మకం.

అయితే ఆ పిచ్చే ఒకసారి మగ్గం నేసే ఆమె కొడుకు హనుమండ్లును కాచింది. మగ్గాల ఆసామి లక్ష్మీరాజం ఫోన్‌లో తువ్వాల అంచు చెప్పాడు: "ఎర్రవి నాలుగు పోగులు, తెల్లవి రెండు, మూడుసార్లు." హనుమండ్లు ఎర్రవి నాలుగు వేసి, పక్కన తెల్లవి రెండేసి మూడుసార్లు, అంటే ఆరు, వేశాడు. సరుకు చూసి ఆసామి వాకిట్లోనే ఎగిరిపడ్డాడు.

"గిదేం అంచురా? నాలుగు ఎర్రయి, రెండు తెల్లయి, మళ్ళ నాలుగు, మళ్ళ రెండు, గట్ల రావాలె! నేను తీస్కోను పో!"

దారిన పోతున్న సారు ఆగాడు. "లక్ష్మీరాజం, నువ్వు జెప్పిన మాట మళ్ళొకసారి జెప్పు."

చెప్పాడు.

"మూడుసార్లు ఏంది? మొత్తమా, తెల్లయి ఒక్కటేనా? బ్రాకెట్ యాడ పెట్టినవ్?"

"నోటి మాటకు బ్రాకెట్ ఏంది సారూ!"

"పెట్టకపోతివి గదా. మరి తప్పు ఎవనిది?"

అక్కడ మూగిన ఎనిమిది మందిని అడిగితే నలుగురు అటు, నలుగురు ఇటు. ఆసామి మూతి ముడుచుకొని సరుకెత్తుకున్నాడు. కమలవ్వ మంచి మాట ఒక్కటీ అనలేదు. "పిచ్చోడైనా పనికొచ్చిండు" అంది, ఆయనకు వినపడేటట్టే.

"పనికొచ్చిండు, బ్రాకెట్ మొదలు, పిచ్చోడు, బ్రాకెట్ బంద్" అని దిద్ది పోయాడు సారు.

తర్వాత రోగం పెరిగింది. పెళ్ళిలో మైకిస్తే, "పిల్లగాని మామ, బ్రాకెట్ మొదలు, చిన్నమామ, పెద్దమామ అలిగిండు, బ్రాకెట్ బంద్, జర స్టేజి మీదికి రావాలె" అన్నాడు. పెద్దమామ నిజంగానే అలిగాడు. అన్నం ముందు కూర్చుంటే, "పైన పప్పు, నడుమ గీత, కింద అన్నం, భిన్నం ఖతం." ఆయన భార్య వనజ వచ్చి కమలవ్వ ముందు తల పట్టుకుంది.

"పొద్దంత కండ్లు మూసుకొని ఫోన్‌తోని గదే లొల్లి అవ్వా. పరేషాన్ చేస్తుండు. నువ్వన్న వచ్చి నాలుగు మాటలను."

నాలుగు మాటలంటే కమలవ్వకు పండగ. నలభై సిద్ధం చేసుకొని వెళ్ళింది.

సారు ఇంటి అరుగు మీద, ఆయన పక్కన భవ్యశ్రీ కూర్చొని ఉంది. నేత వెంకటేశ్ బిడ్డ, పుట్టుకతోనే చూపు లేదు. రెండోసారి బ్యాంకు పరీక్ష రాయబోతోంది. మొదటిసారి లెక్కల దగ్గరే పోయింది. ఆమె చేతిలోని ఫోన్ తెర మీది మాటలన్నీ గలగలా చదువుతోంది. లెక్క రాగానే మాత్రం, "ఫొటో." తర్వాతి లెక్క, "ఫొటో." దాని తర్వాతా "ఫొటో."

"గిదేం ఫోనే బిడ్డా, నకరాలు చేస్తుంది?"

"ఫోన్ తప్పు కాదవ్వా" అన్నాడు సారు. "పరీక్ష లెక్కలు పెట్టే వెబ్‌సైటోల్లు లెక్కను అక్షరాల్ల పెట్టకుంట, బొమ్మ తీసి అతికిచ్చిండ్రు. బొమ్మ ఎనుక మాటలు రాస్తే సదువుతది. కరీంనగర్‌ల వాళ్ళ ఆఫీసుకు పోయి మేనేజర్‌ను అడిగిన. 'ఒక్క పిల్ల కోసం ఎవరు రాస్తరు సార్, మీరే రాసియ్యుండ్రి, పెడతం' అని నవ్విండు."

"మరి?"

"మూడు వందల లెక్కలు రాసిచ్చిన. కొన్ని ఎక్కిచ్చిండు, ఇంక కొన్ని ఎక్కియ్యాలె. ఇప్పుడు నవ్వుతలేడు."

భవ్యశ్రీ అందుకుంది. "వట్టిగ 'మూడు ప్లస్ అయిదు బై రెండు' అంటే గీత కింద ఏమున్నదో, మీద ఏమున్నదో తెల్వదవ్వా. యాడ మొదలు, యాడ ఖతమో జెప్పాలె. నోటికి అలవాటైతే రాతల మరువనని సారు గట్లనే మాట్లాడుతుండు. చాయ్ దగ్గర గూడ."

కమలవ్వ నలభై మాటలూ ఎక్కడికి పోయాయో. ఈ పిల్లను చూసి "పాపం" అని దాటిపోవడం ఊరికి ఎంత సులువో ఆమెకు తెలుసు. ఆగి, కూర్చొని, రాసినవాడికేమో పిచ్చి అంటగట్టారు. ఆ అంటగట్టడంలో మొదటి చెయ్యి తనదే.

సారు తాను రాసిన లెక్కొకటి చదివి వినిపించి, "సమజయిందా బిడ్డా?" అని అడిగాడు.

"సమజయింది సార్" అని ఆ పిల్ల కర్ర తీసుకొని వెళ్ళిపోయింది.

ఆమె మలుపు తిరిగేదాకా చూసి సారు చతికిలపడ్డాడు. "కాలే. గామెకు సమజు కాలే. నన్ను బాధపెట్టద్దని అన్నిటికి అయింది అయింది అంటది. నిన్న ఇరవైల తొమ్మిది తప్పినయ్. తప్పు గామెది కాదు, నా రాతది. పరీక్షకు ఇంక ఇరవై రోజులే ఉన్నది."

"అయితే నన్నేం జెయ్యమంటవ్? నాకు లెక్కలు రావు."

"గందుకే. తెలిసినోళ్ళు సగం విని మిగిలింది ఊహించుకుంటరు. నీకు గా బాధ లేదు. మొహమాటం అసల్కే లేదు."

ఇది పొగడ్తో తిట్టో తేలక కమలవ్వ నోరు తెరిచింది. సారు అప్పటికే కాగితం తీసి కళ్ళద్దాలు పెట్టుకున్నాడు.

"కండ్లు మూస్కో కమలవ్వా. నేను సదువుత. యాడ దారి తప్పితివో ఆడ్నే ఆపి తిట్టు. జర గట్టిగ తిట్టు."