మోకాలి వంపు, పుస్తకం మూల

మళ్లీ చూపించుకోవడానికి వచ్చేలోగా మోకాలు లంబకోణం దాకా వంగాలని బెంగళూరు డాక్టరు చెప్పాడు. వంగకపోతే మత్తిచ్చి తామే వంచాల్సి వస్తుందట. అప్పుడూ లొంగకపోతే ఆ కాలు ఇక కర్రేనని బల్ల కాలు చూపించి మరీ చెప్పి పంపించాడు.

ఏళ్ల తరబడి చెనిక్కాయ చేలో గొంతుక్కూర్చుని కలుపు తీసిన మోకాలు అది. అరిగిపోతే తీసేసి ఉక్కుది పెట్టారు. నొప్పి బిళ్లలు నా కడుపుకు పడవు. ఒకసారి వాటితో రక్తం కక్కుకున్నదాన్ని కాబట్టి డాక్టరు వాటిని బాగా తగ్గించేశాడు. ఉక్కు మోకాలితో, ఒట్టి నొప్పితో పావగడ తాలూకాలో అరసికెరె దగ్గరి మా ఊరికి తిరిగొచ్చాను.

లంబకోణం కొలవడానికి ఇంట్లో ఏముంది? పావగడ లైబ్రరీ నుంచి తెచ్చుకున్న గట్టి అట్ట పుస్తకం మూలే కొలబద్ద అయింది. మంచం అంచున కూర్చుని కాలు వేలాడేస్తాను. మోకాలి పక్కన పుస్తకం పెడితే ఒక అంచు తొడకూ, ఇంకో అంచు పిక్కకూ ఆనాలి. తొడకు ఆనేది. పిక్క దగ్గర నా అరచెయ్యి దూరేంత సందు ఉండేది.

పొద్దున పాలు పితికి వచ్చాక మా ఆయన ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, చీలమండ పట్టుకుని కాలు వెనక్కి నొక్కేవాడు. మోకాలి కంటే ఆయనతోనే ఎక్కువ చిక్కు. ముల్లు దిగిన ఎద్దు గిట్టను ఒడిసి పట్టి ముల్లు లాగే మనిషి, నా ముఖం చూస్తూ నొక్కేవాడు. నా కనుబొమ ముడిపడితే చాలు, చెయ్యి వదులైపోయేది.

"సాల్లే మే. రేపు సూద్దాం."

"రేపూ ఇంతే నొస్తాది. నొక్కండి."

"నువ్వు అరిస్తే నా చేతులు ఆడవు. ఏం చేసేది?"

అంటే నొప్పి తగ్గడం కాదు, నేను అరవకుండా ఉండడం కావాలి. బడి మానేశాక నేను నేర్చుకున్నదంతా లైబ్రరీలోనే. తెలుగైనా కన్నడమైనా చేతికి దొరికింది చదివాను. డాక్టరు చెప్పనిది ఏదో ఒక పుస్తకంలో ఉంటుందని నా నమ్మకం. కొలబద్దగా వాడుతున్న ఆ పుస్తకం కూడా ధ్యానం గురించిందే. కళ్లు మూసుకుని, పారే నదిని తలుచుకోమంది. మా వంకలో నేను చూసింది ఇసుకే. ఇసుకను తలుచుకుంటే దాహమేసింది గానీ నొప్పి తగ్గలేదు.

ఇంకోచోట మరో మాట ఉంది. నొప్పిని తోసెయ్యకు, ఎక్కడ మొదలై ఎక్కడిదాకా ఉందో చూడు, ఊపిరి వదిలేటప్పుడు ఒళ్లు కూడా వదిలెయ్యి అని. అలా చూస్తే, మోకాలంతా అనుకున్న మంట చిప్ప కింద బొటనవేలంత చోటులోనే ఉంది. చుట్టూ ఉన్నది భయం. ఆ భయానికి తొడ మోకు తాడులా బిగుసుకునేది. ఊపిరి వదిలితే తాడు కాస్త సడలేది. మంట మంటలాగే ఉండేది. కనుబొమ మాత్రం ఇంకా నా మాట వినేది కాదు. ఆయన ఆపేస్తూనే ఉన్నాడు. బెంగళూరు ప్రయాణం దగ్గర పడుతోంది.

ఆ యేడు విత్తడానికి పదును వాన రాలేదు. ఒలిచిన విత్తనాలు ఇళ్లలో మూటల్లోనే ఉన్నాయి. ఒక పొద్దున ఆయన కాలు నొక్కుతుండగా, నేను కళ్లు మూసుకుని ముక్కుతో దీర్ఘంగా ఊపిరి వదులుతుండగా, పక్కింటి అవ్వ పలకరించడానికి వచ్చింది. గడపలోనే ఆగిపోయింది. మా పక్క ఆడమనిషి కళ్లు మూసుకుని అలా ఊపిరి తీస్తోందంటే దేవర ఒంటిమీదికి వచ్చినట్టే. దేవర వస్తే అడిగేది ఒక్కటే, వాన.

రోజూ నన్ను "ఏమే" అనే అవ్వ గొంతు మారింది. "తల్లీ, ఎవురమ్మా వచ్చింది?"

"ఎవురూ రాలేదవ్వా. మోకాలు వంచతా ఉండాను" అన్నాడు ఆయన.

"నువ్వు గమ్మునుండప్పా. తల్లిని మాట్లాడనీ. ఇత్తనాలు ఒలిచి పెట్టుకోనుండాము, పురుగు పడతా ఉండాది. ఎప్పుడేయాల తల్లీ?"

"నొప్పికి కండ్లు మూసుకోనుండాదవ్వా."

"నొప్పైతే అరస్తారు. ఇట్ల గమ్మున కూర్చుంటారా ఎవరైనా? నాకు తెలీదా యేంది?"

నవ్వొచ్చింది. నవ్వితే తొడ బిగుస్తుంది. నవ్వునూ ఊపిరితోనే వదిలేశాను. అప్పుడు తెలిసింది, కాలు ఎన్నడూ పోని చోటికి పోతోందని. ఆయన నా ముఖం చూడడం లేదు. తల తిప్పి అవ్వతో వాదిస్తున్నాడు, చెయ్యి మాత్రం నొక్కుతూనే ఉంది. చిప్ప కింద చర్మం చిరిగిపోతున్నట్టుంది. ఒక్క మూలుగు మూలిగితే ఆ చెయ్యి ఆగిపోతుంది. మూలిగితే రేపు, ఎల్లుండి, ఆ తర్వాత మత్తు సూది. పళ్లు కరిస్తే తొడ బిగుస్తుందని నోరు కొంచెం తెరిచి, గాలి బయటికి పోనిచ్చాను. మళ్లీ, మళ్లీ. అవ్వ చేతులు జోడించి నిలబడింది. ఆయన ఇంకా ఏదో నచ్చచెబుతున్నాడు.

కళ్లు తెరిచి, మోకాలి పక్కన పుస్తకం ఆనించి చూస్తే దానికీ పిక్కకూ మధ్య వేలు పట్టేంత సందే ఉంది. చెంపల మీద నీళ్లు కారుతున్నాయి.

"నాకేం తెలీదవ్వా. వట్టి నొప్పే" అన్నాను.

అవ్వ ఆయన వంక చూసింది. "తల్లి వాన మాట చెప్పకుండానే పాయెనే. అంతా నీ వల్లే."

మర్నాటి నుంచి ఆయన్ను పీట పక్కకు జరిపి, గోడకేసి తిరిగి నొక్కమన్నాను. మొదట ఒప్పుకోలేదు. తర్వాత గోడకు తగిలించిన జల్లెడనే చూస్తూ నొక్కేవాడు. ఆయన మెడ మీద నరం కొట్టుకోవడం నాకు కనబడేది. ప్రయాణానికి ముందు రోజు పుస్తకం రెండు అంచులూ ఆనాయి.

బస్సు దగ్గరికి అవ్వ కూడా వచ్చింది. "బెంగళూర్లో మబ్బులుంటే ఈ పక్కకు తోలు తల్లీ" అంది. సగం ఎగతాళి, సగం కాదు.

"బేగ హత్తమ్మా" అని కండక్టరు త్వరగా ఎక్కమంటూ కన్నడంలో తొందరపెట్టాడు. మెట్టు ఎత్తుగా ఉంది. మంచి కాలు పైన పెట్టి కమ్మీ పట్టుకున్నాను. ఇక ఆపరేషన్ కాలు వంగి మెట్టు దాటాలి. వెనక నుంచి ఆయన చెయ్యి సాయం రాబోయింది.

"నా మొహం చూడద్దు" అన్నాను.

ఆయన దుక్కి చేసి పెట్టిన ఎర్ర చేల వైపు తిరిగి నిలబడ్డాడు. ఊపిరి వదిలాను. కాలు మడిచి బస్సులోకి లాక్కున్నాను.