గుట్ట మీద కేక

పద్మనగర్ కార్ఖానాలో బట్ట నేసే సాంచాలు తిరుగుతుంటే ఎవరి మాటా ఎవరికీ వినపడదు. పెదవులు చూసి, చేతి సైగలు చూసి పని నడుపుకుంటారు. అందుకే నాగయ్య చెవులు ఎప్పుడో పోయాయని అక్కడ ఒక్కరికీ తెలియదు. ఎదురుగా నిలబడితే చాలు, పెదవులు చూసి జవాబు చెప్పేస్తాడు. తెలిసిందల్లా భార్య వనితకే. చెవిటివాడని పేరు పడితే నవ్వుతారని ఆమె నోరు కూడా మూయించాడు.

పక్క సాంచాల మీద పనిచేసే నర్సింగ్‌ది నాగయ్య ఊరే. శుక్రవారం కార్ఖానా బంద్. ఆ రోజు ఇద్దరూ బండెక్కి మాహులి గుట్టకు పోయేవాళ్లు. సాంచాలు నడిపేవాళ్లకు గుట్టలెందుకని నవ్వేవాళ్లుంటారు. వాళ్లు ఒక్క వారం ఆ దూది దుమ్ము మింగి చూడాలి, అప్పుడు తెలుస్తుంది.

ఆ శుక్రవారం దిగేటప్పుడు మబ్బు కిందికి దిగి, నాలుగడుగుల అవతల ఏదీ కనపడకుండా కమ్మింది. నాగయ్య వెనక్కి తిరిగేసరికి నర్సింగ్ లేడు. పేరు పెట్టి అరిచాడు. జవాబు వచ్చిందో లేదో ఎట్లా తెలుస్తుంది? బాట వెంట అటూ ఇటూ తిరిగి, అరిచి అరిచి, చివరికి కిందికి పరుగెత్తి అటవీశాఖ గేటు దగ్గర ఉన్నవాళ్లను వెంటబెట్టుకొచ్చాడు. దారిలో ఒకాయన చెయ్యెత్తి అందరినీ ఆపాడు. అందరూ ఒకేవైపు తల తిప్పారు. వాళ్లను చూసి నాగయ్యా తిప్పాడు.

నర్సింగ్ బాటకు కాస్త దిగువనే కాలు విరిగి పడి ఉన్నాడు.

కట్టు కట్టించుకుని ఇల్లు చేరాక, చూడవచ్చిన నాగయ్యను అతను సూటిగా అడిగాడు.

"నువ్వు పిలుస్తనే ఉన్నవ్, నేను ఓ అంటనే ఉన్న. నెత్తి మీదనే నిలవడి, నన్ను ఇడిసిపెట్టి ఎట్ల పోయినవ్‌రా?"

"నాకు ఇనవడలే నర్సింగ్. నా చెవులు ఎన్నడో పోయినయ్."

"గట్లనా? మరి కార్ఖానల నేనన్నదంత ఎట్ల తెలుస్తుంది? ఇప్పుడెట్ల తెలుస్తుంది?"

"నీ మూతి జూసి."

"నిజమే అన్నా," అంది వెంట వచ్చిన వనిత.

"నీ మొగని దిక్కు మాట్లాడక ఏం జేస్తవ్ తల్లీ."

అంత మాట అని నర్సింగ్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాగయ్యకు ఏడుపొచ్చింది. కొంతసేపటికి నర్సింగ్ దవడ కదలడం కనిపించింది, ఏదో అంటున్నాడు. వనిత ముఖం మాడిపోయింది.

"ఏమన్నడే?" అని నాగయ్య ఆమెను అడిగాడు.

ఆమె పెదవులు కదపలేదు.