అడిగి పెట్టిన చెయ్యి

ఎర్ర సబ్బు వాసన ముక్కుకు తగిలితే నాకు నవ్వొస్తది. ఇయ్యాల పొద్దున మనుమరాలికి నొప్పులు మొదలైతే మోచేతుల దాక అదే సబ్బుతోని కడుక్కున్న. మా దవాఖాన నర్సమ్మ, సుందరమ్మ, పక్కన వచ్చి నిలబడ్డట్టే అయింది. లక్సెట్టిపేట మనిషి. సన్నగ, పొడుగ్గ ఉండె. గొంతు మాత్రం గోడలు అదిరేటట్టు.

ఆమెను నేను మొదలు చూసింది జైల్ల. నిజాం పోయిన కొన్నేండ్లకు మాట. మాది జైనూరు దిక్కు. ఇప్పసారా కాసిన్నని పట్టుకపోయిండ్రు. అప్పటికే నాకు ఐదో నెల. జైల్ల లెవ్వమన్నోళ్లున్నరు, కూసోమన్నోళ్లున్నరు, నన్నొక మాట అడిగినోళ్లు లేరు. దవాఖానకెల్లి వారానికొకసారి ఆడోళ్ల గదికొచ్చే ఈ నర్సమ్మ మొదటిరోజే ఎర్ర సబ్బుతోని చేతులు కడుక్కొని నా ముందట కూసున్నది. "కడుపు మీద చెయ్యి పెట్టాల్నా బిడ్డా?" అన్నది. నేను పకపక నవ్విన. "ఖైదీని అడుగుడేంది నర్సమ్మా?"

"కడుపు నీదే గద. వద్దంటే పెట్టను."

నా నవ్వు ఆగిపోయింది. పెట్టమన్న.

నెలలు నిండి నొప్పులొస్తే దవాఖానకు తోలుకపోయిండ్రు. కావలికొచ్చిన జైలు జవాను నా కాలును గొలుసుతోని మంచం కోడుకు కట్టిండు. మెలి తిరిగినప్పుడల్లా మడిమ కోసుకపోతుండె. కాలు మలుపరాకపోతే బిడ్డకు తొవ్వెట్ల ఇయ్యాలె? నర్సమ్మ వచ్చి ఎప్పటిలెక్కనే అడిగింది. యాడికెల్లి వచ్చిందో ధైర్యం, "వద్దు, గొలుసు తీసినంకనే పెట్టు" అన్న.

ఆమె జవాను దిక్కు మర్రింది. "విన్నవా? వద్దంటుంది."

"ఖైదీ వద్దంటదా?"

"కాన్పు ఆమెది, నీది కాదు."

"తాళంచెవి జైలర్ సాబ్ కాడున్నది నర్సమ్మా."

"మరి ఉరుకు! బిడ్డ మీ సాబ్‌ను అడిగి బయటికొస్తదా? ఆలస్యమైతే నువ్వే మంత్రసానివి!"

టోపీ కింద పడ్డా చూడకుంట ఉరికిండు పాపం. అంత నొప్పిల సుత నేను నవ్విన. ఒగర్సుకుంట వచ్చి గొలుసు తీసి, తలుపవతల గోడ దిక్కు మొకం పెట్టి నిలబడ్డడు. నర్సమ్మ మళ్లా అడిగింది. "పెట్టు" అన్న. నా బిడ్డ కేకేసుకుంట పుట్టింది. మర్నాడు జవాను ఇంత బెల్లం తెచ్చి, "నీ బిడ్డ నన్ను మస్తు ఉరికిచ్చింది" అన్నడు.

విడిచిపెట్టినంక నర్సమ్మ ఎంబడి తిరిగి కాన్పులు నేర్చుకున్న. మా ఆయన సచ్చిపోయినంక గా పనే నన్ను సాకింది. నాకు అక్షరం రాదు. ఆమె అడిగిన గా ఒక్క మాట వచ్చు.

జైల్ల ఉండంగ పుట్టిన నా బిడ్డకు బిడ్డే ఈ మనుమరాలు. పొద్దున దానినీ అడిగిన: "చెయ్యి పెట్టాల్నా బిడ్డా?"

"జర ఆగు అమ్మమ్మా" అన్నది.

ఆగిన. కడిగిన చేతులు పైకి పట్టుకొని, అది "రా" అనేదాక గడప కాడనే నిలబడ్డ.